పేరు చెప్పి పోవు విమానములు

మిషిగన్ రాష్ట్రమున, డిట్రాయిట్ నగరమునకు వాయవ్య దిశగా, మూడు విమానాశ్రయముల నడుమ నున్న ఫార్మింగ్టన్ హిల్స్ పట్టణమున నేడు కొందరి యిండ్లలో ఒక క్రొత్త వస్తువు గోడ కెక్కినది. హాలులో టీవీ ప్రక్కనో, వంటింటి కిటికీ దగ్గరనో, పుస్తకముల అలమర పైననో అమర్చిన చిన్న దీపముల పలకపై, ఆ క్షణమున ఇంటికి పది పదునైదు మైళ్ల లోపల ఎగురుచున్న విమానము యొక్క పేరు, దాని జాతి, ఎత్తు, వేగము, అది బయలుదేరిన యూరు, చేరబోవు నూరు వరుసగా వెలుగును. అది దూరమైనంతనే ఆ యక్షరములు చెరిగి, మరియొక విమానపు వివరములు ఆ స్థానము నాక్రమించును. దీనిని పిల్లల వేడుకగా మాత్రమే చూచువారు కలరు. వేడుక కాదని నేననను, కాని తలపైని పోవు వస్తువును చూచి "అది యెవరిది? ఎచ్చటి నుండి వచ్చుచున్నది?" అని అడుగుట ఈ ప్రాంతపు జనులకు నూరేండ్ల నాటి అలవాటు, ఆ ప్రశ్నకు సమాధానము లభింపని కాలమున లోకమున ఎందరో ప్రాణములు కోల్పోయిరి, గోడమీది యీ పలక ఆ యలవాటునకును ఆ మరణములకును వారసురాలు అని నా నమ్మకము.

ఊరు విమానములకంటె చాల పాతది. 1824లో న్యూయార్క్ రాష్ట్రపు ఫార్మింగ్టన్ నుండి ఆర్థర్ పవర్ అను క్వేకరు మతస్థుడు వచ్చి, అడవి కొట్టి, నివాస మేర్పరచుకొని, తాను విడిచి వచ్చిన యూరి పేరునే క్రొత్త యూరికి నిలిపెను. ఆ యూరి చుట్టునున్న టౌన్‌షిప్పు చాలకాలము పొలములతోను తోటలతోను నిండియుండి, పిదప డిట్రాయిట్ నుండి బయటకు ప్రాకిన యిండ్లతో నిండి, 1973లో ఫార్మింగ్టన్ హిల్స్ అను పేర నగరమైనది. మోటారు కార్ల కంపెనీలలో ఇంజనీర్లుగను, ఆసుపత్రులలో వైద్యులుగను, తరువాత కంప్యూటరు కొలువులలోను చేరిన మన తెలుగువారు ఈ యూరిలోను, ప్రక్కనున్న నోవైలోను స్థిరపడిరి. దక్షిణమున రోములస్‌లో డిట్రాయిట్ మెట్రో విమానాశ్రయము, నైరుతి దిక్కున ఇప్సిలాంటి కడ విల్లో రన్, ఉత్తరమున వాటర్‌ఫోర్డ్‌లో, పాంటియాక్ సమీపమున, ఓక్‌లాండ్ కౌంటీ విమానాశ్రయము ఉండుటచే ఆర్చర్డ్ లేక్ రోడ్డు మీద నిలుచుండి తల యెత్తినచో ఏదో యొక విమానము కానరాని గడియ అరుదు.

ఈ మూడింటికంటెను ముందుగా హెన్రీ ఫోర్డ్ డియర్‌బోర్న్‌లో ఒక విమానాశ్రయమును కట్టించెను. 1925 జనవరిలో తెరువబడిన ఆ మైదానముపై, పైనుండి పోవువారికి తెలియునట్లు, ఫోర్డ్ అను పేరు పెద్ద తెల్లని యక్షరములతో వ్రాయబడియుండెడిది. ఆ సంవత్సరమే విలియం స్టౌట్ స్థాపించిన లోహవిమానముల సంస్థను ఫోర్డ్ కొనెను. పిదప 1926 మొదలు 1933 వరకు మూడు ఇంజనుల ట్రైమోటార్ విమానములు 199 అచ్చట తయారైనవి. ఆనాటి కష్టమెట్టిదో ఇప్పటి వారికి ఊహించుటయే దుర్లభము. మబ్బు క్రమ్మినచో వైమానికుడు తానెచ్చట నున్నాడో తానే యెరుగడు. రైలు పట్టాల వెంట, నదుల వెంట పోయి, ఊరి నీటితొట్టిమీది పేరు చదువుకొని దారి తెలిసికొనవలసినవాడు. 1930 దశకమున ప్రభుత్వమే పూనుకొని, ఫీబీ ఆమ్లీ అను వైమానికురాలి ప్రణాళికతో దేశమంతట వేలకొలది గోదాముల కప్పులపైనను ధాన్యపు కొట్లపైనను ఊళ్ల పేర్లు వ్రాయించినది. అనగా ఆ కాలమున పేరు చెప్పుకొను బాధ్యత నేలది, చదువుకొను బాధ్యత ఆకాశమున నున్నవానిది. యుద్ధము వచ్చినంతనే సముద్రతీరములకు సమీపమున నున్న పేర్లను శత్రువు చదువునను భయముతో చెరిపివేసిరి.

డియర్‌బోర్న్ మైదానము నుండియే మరియొక మార్గము తెరచుకొనెను. 1927లో అచ్చటి ఫోర్డ్ విమానమొకటి రేడియో కిరణము ననుసరించి ఒహైయోలోని డేటన్ చేరినది. తరువాత దేశమంతట వ్యాపించిన ఆ పద్ధతిలో వైమానికుని చెవికి దారికి ఒక ప్రక్కను చుక్క గీతల యక్షరము, రెండవ ప్రక్కను గీత చుక్కల యక్షరము వినబడి, సరియైన దారిలో నున్నప్పుడు రెండును కలిసి ఒకే యఖండ నాదముగా మ్రోగెడివి. చూపునకు అందని దానిని శబ్దముతో అందించు నీ యాలోచనయే ముందు ముందు మన కథ కంతటికి మూలము. ఆ విమానాశ్రయము నేడు లేదు. అచ్చట ఫోర్డ్ కంపెనీ వారు కార్లను పరీక్షించుకొనుచున్నారు.

రెండవ ప్రపంచయుద్ధమున విల్లో రన్ కర్మాగారమున 8,685 బి-24 బాంబర్లు తయారైనవి. ఆల్బర్ట్ కాన్ రచించిన ఆ బ్రహ్మాండమైన కట్టడము నుండి, ఉద్ధృతముగా పని సాగిన దినములలో, దాదాపు గంట కొక్క విమానము బయటికి వచ్చెడిది. ఆ చప్పుడు విన్న మిషిగన్ వారికి అది తమ వారి చప్పుడే యని నిశ్చయము. మన తీరమున ఆ నిశ్చయము లేదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను నౌకాదళపు విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసిన నాడు, దిగంతమున చుక్కలవలె కాన్పించిన వస్తువులు మిత్రులవో శత్రువులవో చెప్పగల సాధనము సామాన్య ప్రజల చేతిలో ఏదియు లేకుండెను. నష్టము స్వల్పమే గాని భయము స్వల్పము కాదు. విశాఖ నుండి కుటుంబములు మూటముల్లెలతో లోపలి యూళ్లకు తరలిపోయినవి, అదే మాసమున మద్రాసు సగము ఖాళీ అయినది. ఆరేండ్ల తరువాత, 1948లో, తెలంగాణ ఆకాశము మరియొక విధముగ మూగపోయినది. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు నిజాము ప్రభుత్వమునకు ఆయుధములు చేరవేయుటకై కరాచీ నుండి రాత్రివేళల తన లాంకాస్ట్రియన్ విమానములను నడపి బీదరు, వరంగల్లు మైదానములలో దింపుచుండెను. భారత ప్రభుత్వము ఆ రాకపోకలను ఎరిగియు వాని నడ్డగింపలేకపోయినది. పేరు చెప్పని విమానము ఎంతటి రాజకీయ శక్తియో చూపుట కింతకంటె దగ్గరి నిదర్శనము మనకు లేదు.

యుద్ధానంతరము అమెరికాకు సోవియట్ బాంబర్ల భయము పట్టుకొనినది. ఉత్తర ధ్రువము మీదుగా అవి వచ్చునెడల మిషిగన్ వంటి సరిహద్దు రాష్ట్రములే మొదటి గడపలు. పర్వతముల చాటున, తక్కువ ఎత్తున వచ్చు విమానములను ఆనాటి రాడార్ పసిగట్టలేదు. అందుచే 1952 జులై 14న స్కైవాచ్ అను కార్యక్రమమును ప్రారంభించి, గృహిణులు, రైతులు, బడిపిల్లలు, విశ్రాంత ఉద్యోగులు మొదలగు లక్షలాది సామాన్యులను రాత్రింబవళ్లు ఆకాశమును కావలి కాయుటకు నియోగించిరి. బడి కప్పు మీదనో, అగ్నిమాపక కేంద్రముపైననో కట్టిన చెక్క గదిలో బైనాక్యులరు, టెలిఫోను పెట్టుకొని ఇద్దరిద్దరు కూర్చుండెడివారు. విమానము కనబడినంతనే టెలిఫోను తీసి "ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్లాష్" అన్నచో ఆ పిలుపు తక్కిన పిలుపుల నన్నింటిని దాటి నేరుగా వడపోత కేంద్రమునకు పోవును. అచ్చటి వారికి చెప్పవలసినవి యేవనగా: విమానములెన్ని, ఒక ఇంజనుదా, రెండింటిదా, ఎక్కువదా, ఎత్తు తక్కువయా, ఎక్కువయా, కనబడినదా, వినబడినది మాత్రమేనా, ఏ దిక్కున, ఎంత దూరమున, ఎటు పోవుచున్నది. కేంద్రమున స్త్రీలు పెద్ద పటముపై చెక్కముక్కలను జరుపుచు ఆ వార్తలను ఒక దారిగా కూర్చెడివారు.

ఆ ప్రశ్నల పట్టికను నేను ప్రత్యేకముగ ఇచ్చట పేర్కొనుటకు కారణము గలదు. నేటి యింటి పలకమీద వెలుగునది దాదాపు ఆ పట్టికయే. జీతము లేని జనులు కొన్ని యేండ్లపాటు చలిలో కూర్చుండి వ్రాసిన వివరములను నేడు యంత్రము నిమేషమాత్రమున వ్రాయుచున్నది. రాడార్లు వృద్ధియైన పిదప 1959 జనవరి 31న ఆ కావలిదళమును రద్దు చేసిరి. వారు పట్టుకొనిన శత్రువిమానము ఒక్కటియు లేదు. అయినను ఆకాశమును చూచుట ప్రభుత్వమొక్కదాని పని కాదని లక్షలాది పౌరులకు నేర్పిన ఆ యేర్పాటును వ్యర్థమని నేననజాలను.

రాడార్ విషయమున పాఠకులు తరచు పొరబడుదురు. భూమినుండి పంపిన తరంగము విమానమును తాకి తిరిగివచ్చినంత మాత్రమున అచ్చట నొక వస్తువున్నదని తెలియును గాని, ఆ వస్తువెవరో, ఎంత యెత్తున నున్నదో తెలియదు. యుద్ధకాలమున బ్రిటిషువారు తమ విమానములలో ఒక చిన్న యంత్రమును పెట్టి, రాడార్ ప్రశ్నింపగానే "నేను మిత్రుడను" అని సంకేత మిచ్చునట్లు చేసిరి. ఆ యంత్రమే శాంతికాలమున ట్రాన్స్‌పాండర్ అను పేర పౌరవిమానములలో ప్రవేశించెను. భూమి 1030 మెగాహెర్ట్జ్‌పై అడుగును, విమానము 1090 మెగాహెర్ట్జ్‌పై బదులు చెప్పును. వైమానికుడు పెట్టుకొను నాలుగంకెల సంఖ్యలో ఒక్కొక యంకె సున్న నుండి ఏడు వరకే యుండును గనుక అట్టి సంఖ్యలు 4,096 మాత్రమే. అందు 7500 అన్నచో విమానమును ఎవరో స్వాధీనపరచుకొనిరని, 7600 అన్నచో రేడియో చెడినదని, 7700 అన్నచో ఆపద యని యర్థము.

ఈ యంత్రములు, నియమములు ఊరక పుట్టలేదు. 1956 జూన్ 30న గ్రాండ్ కాన్యన్ పైన రెండు విమానములు ఢీకొని 128 మంది మరణించిన పిదపనే అమెరికాలో గగనయానమునకు బలమైన కేంద్ర సంస్థ ఏర్పడినది. 1986 ఆగస్టు 31న లాస్ ఏంజిలిస్ సమీపమున సెరిటోస్ అను చోట, ఎత్తు తెలుపని ట్రాన్స్‌పాండర్ గల చిన్న విమానమొకటి మెక్సికో విమానమునకు తగిలి 82 మంది చనిపోయిరి. రద్దీ విమానాశ్రయముల చుట్టును ఎత్తు చెప్పక యెగురరాదను నియమము అటుపిమ్మట కఠినమైనది.

1990 డిసెంబరు 3వ తేదీన డిట్రాయిట్ మెట్రోలో జరిగినది మాయూరి వారికి మిక్కిలి సమీపమైనది. దట్టమైన పొగమంచులో ఒక డీసీ-9 విమానము నేలపై దారి తప్పి, అప్పుడే పైకి లేచుటకు పరుగెత్తుచున్న మరియొక విమానము మార్గములోనికి వచ్చెను. తానెచ్చట నున్నాడో వైమానికుడు నిశ్చయముగ చెప్పలేకపోయెను; గోపురమున నున్నవారికి మంచులో ఏమియు కనబడలేదు. ఎనమండుగురు మరణించిరి. రెండు విమానములును ఒకే సంస్థవి, ఒకే మైదానముపై నున్నవి, అయినను ఒకదాని యునికి మరియొకదానికి తెలియదు.

భారతదేశమున జరిగినది ఇంతకంటె ఘోరము. 1996 నవంబరు 12 సాయంకాలమున ఢిల్లీకి పడమరగా చర్ఖీ దాద్రీ పైన సౌదీ విమానమును కజకిస్తాన్ విమానమును ఎదురెదురుగా ఢీకొని, రెండింటిలోని 349 మందియు మరణించిరి. గాలిలో రెండు విమానములు ఢీకొనిన ప్రమాదములలో లోకమున నేటివరకు అంతటిది మరియొకటి లేదు. సౌదీకి పోవుచున్నవారిలో అనేకులు పొట్టకూటికై గల్ఫ్‌నకు బయలుదేరిన మన దేశపు కూలివారు. కజక్ విమానము తాను దిగవలసిన 15,000 అడుగుల మేరను దాటి క్రిందికి వచ్చినది. ఆనాటి ఢిల్లీ రాడార్ మచ్చను చూపగలదు గాని ఎత్తును చూపలేదు, ఎత్తును చెప్పగల ద్వితీయ రాడార్ యింకను పనిలోనికి రాలేదు. గోపురమున నున్న యధికారి వైమానికుల మాటలను నమ్ముట తప్ప వేరు గతి లేనివాడై కూర్చుండెను. ఇంటి పలకపై ఎత్తును సూచించు నంకె మారుచుండగా చూచునప్పుడెల్ల నాకు ఆ యధికారి స్మృతికి వచ్చును. నేడు పదేండ్ల బాలుడు సోఫాలో కూర్చుండి చదువు నా యంకె ఆ సాయంకాలము ఆయనకు లభించియున్నచో!

ఇక విమానమునకు స్థిరమైన పేరెట్లు వచ్చినదో చెప్పవలెను. 1970 దశకమున మసాచుసెట్స్‌లోని లింకన్ లాబొరేటరీ వారు రూపొందించిన క్రొత్త పద్ధతిలో ప్రతి విమానమునకును 24 బిట్ల శాశ్వత సంఖ్య యేర్పడినది. అట్టివి 1,67,77,216 కలవు. అంతర్జాతీయ సంస్థ వీనిని దేశములకు పంచియిచ్చినది. పదారంకెల పద్ధతిలో వ్రాసినచో అమెరికావి ఏ అను అక్షరముతోను, భారతదేశమువి 80 మొదలు 83 వరకు గల యంకెలతోను ఆరంభమగును. ఉపనయనమైన వటువు పెద్దల యెదుట చెవులు పట్టుకొని ప్రవర చెప్పినట్లు, విమానము తన వంశమును, పేరును తానే యుచ్చరించుచు పోవును.

అది యెచ్చట నున్నదో చెప్పుటకు మాత్రము మరియొక దుర్ఘటన కావలసివచ్చినది. 1983 సెప్టెంబరు 1న దారి తప్పి సోవియట్ భూభాగముపైకి పోయిన కొరియా విమానమును, అది పౌరవిమానమని నిర్ధారించుకొనకయే, యుద్ధవిమానము కూల్చగా 269 మంది మరణించిరి. జీపీఎస్‌ను పౌరుల కుచితముగ నిత్తునని అమెరికా అధ్యక్షుడు రీగన్ ప్రకటించుట ఆ సందర్భముననే. దాని సంకేతములలో పౌరులకు బుద్ధిపూర్వకముగ కలిపి యిచ్చుచుండిన దోషమును 2000 మే నెలలో తొలగించుటతో ఆ వాగ్దానము సంపూర్ణమైనది. ఉపగ్రహముల వలన తన స్థానమును తానే యెరిగి, ఎవరును అడుగకయే సెకనునకు రెండుమారుల చొప్పున 1090 మెగాహెర్ట్జ్‌పై చాటు ఈ విధానమునకు ఏడీఎస్-బీ యని పేరు. అమెరికాలో రద్దీ గగనతలమున నెగురు విమానములకు 2020 జనవరి 1 నుండి ఇది తప్పనిసరి యైనది. ఒకప్పుడు నేల తన పేరు చాటెను, తరువాత నేల అడుగగా ఆకాశము బదులు చెప్పెను, నేడు ఆకాశమే అడుగకుండ చాటుచున్నది. ఈ చాటింపునకు గూఢలేఖనము లేదు. గోపురమునకును, ప్రక్క విమానమునకును, పొలమున నున్న రైతునకును ఒకే విధముగ వినవచ్చును.

అయినను చాలకాలము దానిని వినుటకు ధనవంతులకే వీలుండెను. 2005లో బ్రిటనులో కినెటిక్ సంస్థవారు ఇంట నుంచుకొనదగిన గ్రాహకమును అమ్మకమునకు తెచ్చిరి గాని దాని వెల వందల పౌండ్లు. 2012లో మార్పు వచ్చినది. ఐరోపాలో కంప్యూటరుపై టీవీ చూచుటకై అమ్ముచుండిన, ఇరువది డాలర్లు మాత్రమే వెలగల చిన్న డాంగిల్ లోని తైవాను చిప్పు అనేక విధములైన తరంగములను పట్టగలదని కొందరు ఔత్సాహికులు కనుగొనిరి. ఇటలీలోని సిసిలీకి చెందిన సాల్వతోరె సాన్‌ఫిలిప్పో, రెడిస్ అను సుప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరును రచించినవాడు, ఆ డాంగిల్ వినిన సంకేతములను విమానముల పట్టికగా మార్చు డంప్1090 అను ప్రోగ్రామును వ్రాసి ఉచితముగ లోకమున కిచ్చెను. ఆ సంవత్సరము ఫిబ్రవరి 29ననే రాస్ప్‌బెర్రీ పై అను అరచేతి కంప్యూటరు విపణికి వచ్చినది. మూడును కలిసినవి, స్కైవాచ్ గది మరల తెరువబడినది, ఈసారి ప్రతి యింటను.

అంతకుముందే, 2006లో, స్వీడన్ యువకు లిద్దరు తమ విమానటిక్కెట్ల వ్యాపారమునకు తోడుగ మొదలు పెట్టిన ఫ్లైట్‌రాడార్24 అను అంతర్జాల విమానపటము, 2009లో ఎవరైనను తమ యింటి గ్రాహకమును కలుపుకొనవచ్చునని ద్వారములు తెరచినది. మరుసటి యేప్రిల్‌లో ఐస్‌లాండు అగ్నిపర్వతపు బూడిద ఐరోపా విమానముల నాపివేసినపుడు ఖాళీయైన ఆకాశమును చూచుటకు లోకమంతయు ఆ పటమునకు పరుగెత్తినది. స్విట్జర్లండ్‌లో పరిశోధకులు ఓపెన్‌స్కై అను ఇట్టి సంస్థనే నెలకొల్పిరి. ఈ సంస్థల పటములపై కనబడు విమానములలో అధికభాగము ఎవరో గృహస్థుని మేడమీది యాంటెనా వినినవే.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక యింటి పైకప్పు క్రింది అటకలో దీనిని అమర్చిన విధమును నేను దగ్గర నుండి చూచితిని. 1090 మెగాహెర్ట్జ్ తరంగపు పొడవు దాదాపు 27 సెంటీమీటర్లు. దానిలో నాలుగవ వంతు, అనగా ఏడు సెంటీమీటర్లకు కొంచెము తక్కువగ, రాగితీగను కత్తిరించి నిలువుగ నిలిపినచో అదియే యాంటెనా. కేబులు పొడవైనకొలది సంకేతము క్షీణించును గనుక డాంగిల్‌ను కంప్యూటరును కూడ అటకలోనే యుంచి, వైఫై ద్వారా క్రిందికి వివరములు తెచ్చిరి. యాంటెనాను కిటికీ దగ్గర పెట్టినచో ముప్పది నలువది మైళ్లు, అటకలో పెట్టినచో చాల దూరము. ఆకాశమున 35,000 అడుగుల యెత్తున నున్న విమానము, అడ్డు లేనిచో, భూమి వంపును బట్టి దాదాపు 260 మైళ్ల వరకు వినవచ్చును. అనగా చికాగో, క్లీవ్‌లాండ్, టొరంటోల మీది గగనము ఆ యింటి లోనికి వచ్చును. ఇంతటి విస్తారమును పలకపై చూపిన ప్రయోజనము లేదు గనుక ఇంటి అక్షాంశ రేఖాంశములను ప్రోగ్రామునకు చెప్పి, చుట్టును పండ్రెండు మైళ్లు మాత్రమే గీచిరి. అడ్డముగ 64, నిలువుగ 32 చొప్పున 2,048 దీపములున్న పలక ఆ వృత్తము లోనికి వచ్చిన విమానమును ప్రకటించును.

ఇచ్చట సూక్ష్మమొకటి గలదు. తానెచ్చటి నుండి వచ్చినదో, ఎచ్చటికి పోవునో విమానము చెప్పదు. తన శాశ్వత సంఖ్య, ప్రయాణపు పిలుపుపేరు, స్థానము, ఎత్తు, వేగము మాత్రమే చెప్పును. ఊళ్ల పేర్లను, విమానపు జాతిని వేరొక పట్టికలో వెదకి తేవలెను. ఆ పట్టిక పాతదైనచో పలక తప్పు చెప్పును. అమెరికాలో 18,000 అడుగులకు లోబడి ఎగురు చిన్న విమానములు కొన్ని 978 మెగాహెర్ట్జ్‌పై మాటలాడును గనుక, పాంటియాక్ మీద చక్కర్లు కొట్టు శిక్షణ విమానము కంటికి కనబడియు పలకపైకి రాకపోవచ్చును. అందుకు రెండవ డాంగిల్ కావలెను. పలక మూగపోయినంతనే యంత్రము చెడినదని తొందరపడరాదు.

ఆ పలకపై వచ్చు పేర్లు ఈ ప్రాంతపు జీవనమునే చెప్పును. ఆమ్‌స్టర్డాం, పారిస్, ఫ్రాంక్‌ఫర్ట్ నుండి వచ్చు పెద్ద విమానములలో మనవారి తలిదండ్రులు వత్తురు. విల్లో రన్ నుండి లేచు వానిలో సీకేయస్ అను మూడక్షరములు కనబడినచో అది కలిట్టా సంస్థ సరకుల విమానము; యుద్ధమున బాంబర్లు లేచిన ఆ బాటలమీదనే నేడు కార్ల కర్మాగారములకు అత్యవసరముగ కావలసిన విడిభాగములు అర్ధరాత్రి ప్రయాణము చేయును. పాంటియాక్‌నకు దిగు చిన్న జెట్లలో సెస్నా సైటేషన్‌జెట్ పేరు వెలిగినచో దాని ఇంజను మన ప్రక్కయూరిదే: శామ్ విలియమ్స్ 1955లో స్థాపించి, వాల్డ్ లేక్‌లో దశాబ్దములు నడిపిన విలియమ్స్ ఇంటర్నేషనల్ సంస్థ సృష్టి. కృష్ణా జిల్లా నుండి ఆరు నెలలకు వచ్చిన యొక పెద్దాయన ఆ యింటి హాలులో ప్రతి సాయంత్రము పలక యెదుట కూర్చుండి, కిటికీ లోనుండి విమానమును, పలకపై పేరును మార్చి మార్చి చూచుచుండెడివాడు. "ఇదెక్కడిదిరా?" అని ఆయన యడుగగా కుమారుడు "ఆమ్‌స్టర్డాం నుంచి నాన్నా, మీరు వచ్చింది ఇందులోనే" అన్నాడు. "అయితే ఇందులోనూ ఎవరో మనవాళ్లు ఉండే ఉంటారు" అని ఆయన తృప్తిగా తల యూచెను.

ఆకాశము తెరచిన పుస్తకమగుట అందరికి నచ్చలేదు. సొంత జెట్లుగల ధనికులు తమ రాకపోకలు లోకమునకు తెలియరాదని కోరగా, పేరు మరుగుపరచుటకు ప్రభుత్వము కొన్ని మార్గముల నేర్పరచినది. వారి కోరిక న్యాయము కానిదని కాదు. కాని గోపురమున కెరుక గల పేరును పౌరునకు తెలియనీయకుండుట ఒక యెత్తు, అసలే పలుకక పోవుట మరియొక యెత్తు. 2014 మార్చి 8న మలేషియా విమానము ట్రాన్స్‌పాండర్ మూగపోయి 239 మందితో అదృశ్యమైనది. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో పొటోమాక్ నదిపైన సైనిక హెలికాప్టరు ప్రయాణికుల విమానమునకు తగిలి 67 మంది మరణించిన నాడు, ఆ హెలికాప్టరు ఏడీఎస్-బీ చాటింపును చేయుచుండలేదు. పేరు చెప్పని విమానము ఎవరిదైనను ప్రమాదమే యనుట నా నిశ్చితాభిప్రాయము.

కనుక పలకను గోడకు తగిలించుకొనిన వారికి నాదొక విన్నపము. మీ గ్రాహకము వినినదానిని మీ హాలులోనే యాపక, ఓపెన్‌స్కై వంటి ఉమ్మడి సంస్థకు పంపుడు. తమ స్థానమును తాము చెప్పలేని పాత విమానములు కొన్ని యింకను ఎగురుచున్నవి. వాని సంకేతము నాలుగు వేర్వేరు ఇండ్లకు చేరిన కాలభేదమును గణించి స్థానమును కనుగొనవచ్చును, కాని అందుకు నాలుగిండ్లు కావలెను. నోవైలో ఒకటి, ఫార్మింగ్టన్ హిల్స్‌లో రెండు, ట్రాయ్‌లో ఒకటి ఉన్నచో చాలును. విశాఖలోను, వరంగల్లులోను, కాకినాడలోను నున్న బంధువుల పిల్లలకును ఈ విద్యను నేర్పుడు. అచ్చటి నియమములను కనుగొని, ఒక డాంగిల్‌ను, ఒక రాగితీగను వారి చేతిలో పెట్టుడు.